గోల్‌లో ఒకరు, జాబితాలో ఒకరు

గురువారం పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలకు, తిరుపతిలో మేము ఆడే మైదానంలో, నా ఈడు ఆమె ఒకతె పట్టుచీరతో గోల్‌లో నిలబడి, ఎదురుగా వస్తున్న బంతిని చూసి కళ్లు మూసుకుంది. బంతి ఆమె భుజానికి తగిలి లోపలికి పోయింది. ఆ గోలు పడకపోయి ఉంటే నా పిల్లలు ఇంకొకరి చేతికి పోయేవాళ్లు.

టైము ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే ఆ రోజు కాగితం మీద అట్లాగే రాయించారు. నాకు రాయడం వచ్చింది యాభై దాటాక. అంతకుముందు జరిగినవి ఎక్కడా రాసుకోలేదు కాబట్టి ఒక్కటీ మర్చిపోలేదు.

మాది చిత్తూరు పక్కన పల్లె. మా నాయన మామిడితోటల్లో కాయ కోసే కూలి. ఆయన చెట్టెక్కి కోసి కిందికి వదిలేవాడు. కింద ఇద్దరు గోనెసంచి చాపి పట్టుకోవాలి. మా ఇంటి నుంచి ఇద్దరు లేరు, నేనొక్కదాన్నే. అందుకని చేతులతో పట్టేదాన్ని. నేల తగిలిన కాయ మరునాటికి నల్లబడుతుంది, మండీలో పక్కన పడేస్తారు. ఒక్క కాయ జారితే చాలు, నాయన పైనుంచి అరిచేవాడు.

"ఏమ్మే, చేతులుండాయా, యాడన్నా బాడుగకిచ్చినావా?"

చెట్టు మీద నుంచి తిడితే తోటంతా వినిపిస్తుంది. పక్క చెట్ల కింద వాళ్లు నవ్వేవాళ్లు. నాకు బంతి పట్టడం నేర్పింది ఆయనే. ఆయన ఫుట్‌బాల్‌ను కంటితో చూసి ఎరగడు.

పదహారేళ్లప్పుడు తెలిసినవాళ్లు నన్ను తిరుపతిలో ఒక ఆడపిల్లల బడిలో ఆయాగా పెట్టించారు. నీళ్లు పట్టాలి, గదులు ఊడవాలి, గంట కొట్టాలి. నాకు గడియారం చూడటం రాదు. డ్రిల్లు మాస్టరు దూరం నుంచి చెయ్యి ఊపితే కొట్టేదాన్ని. ఒకసారి ఆయన ఈగను తోలుకుంటుంటే చూసి గంట కొట్టేశాను. బడి మొత్తం ఇంటికి పోయింది.

ఆ మాస్టరు ఎక్కడో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడటం చూసి వచ్చాడు. మన దగ్గర మాత్రం ఎందుకు ఆడకూడదు అని పట్టుబట్టాడు. మా వైపు అంతకుముందు ఆడపిల్లలు ఆ ఆట ఆడిందే లేదు. పదకొండు మంది కావాలి. పదిమంది దొరికారు. పదకొండో పేరు, గుళ్లో కైంకర్యం చేసే ఇంటి పిల్లది. ఆ పిల్లకు ఆడాలని ఉంది. తనే వచ్చి పేరు ఇచ్చింది. జాబితా చిత్తూరుకు పంపేశారు. మరునాడు ఆ పిల్ల నాయన నామం పెట్టుకుని, పైపంచె సర్దుకుంటూ బడికి వచ్చాడు. నేను వరండా ఊడుస్తూ అన్నీ విన్నాను.

"మా పిల్ల నలుగురి ముందర పరుగులు పెట్టేదేంది సార్?"

"పరుగు లేదు స్వామీ. గోల్‌కీపర్. ఒకే చోట నిలబడి ఉంటుంది."

"నిలబడేదానికి మా ఇంట్లో చోటు లేదనుకున్నారా?"

ఆయన వెళ్లిపోయాడు. మాస్టరుకు ఏం తోచిందో, చేతిలో ఉన్న బంతిని నా వైపు విసిరాడు. నేను చీపురు కింద పెట్టి పట్టాను.

"యాడ నేర్చుకున్నావు?"

"చెట్టు కింద సార్."

ఇంకోటి గట్టిగా విసిరాడు. అదీ పట్టాను. "జాబితా పోయింది, పేరు మార్చేదానికి లేదు" అన్నాడు. "చిత్తూరులో ఎవరన్నా అడిగితే ఆ పిల్ల పేరు చెప్పు."

"అడగకపోతే సార్?"

"గమ్మునుండు."

అట్లా మూడేళ్లు ఆడాను. ఆ పిల్ల పై తరగతికి పోయినప్పుడల్లా జాబితాలో నేనూ పోయాను. అక్షరం ముక్క రాకుండా పదో తరగతి దాకా చదివాను. చూడటానికి జనం బాగా వచ్చేవాళ్లు. ఆట కోసం కాదు. ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుంటారంట అని వచ్చి, మేము మోకాళ్ల కింద దాకా వేసుకున్నది చూసి కొంతమంది తిరిగి పోయేవాళ్లు. మిగిలినవాళ్లు ఆట చూసేవాళ్లు.

రెండో ఏడు చిత్తూరులో, ఫైనల్‌కు ముందు ఆటలో, చివర్లో వాళ్లకు పెనాల్టీ వచ్చింది. కొట్టే పిల్ల నాకంటే జానెడు పొడుగు. నేను ముందుగా దూకలేదు. కాయ ఏ కొమ్మ నుంచి పడుతుందో చూసినట్టు చూసి, బంతి కాలు వదిలాక ఎడమ వైపు పడ్డాను. బంతి ఆగింది. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర టక్కుమంది, చిటికెనవేలు పక్కకు తిరిగింది. మాస్టరు ఆట ముగిసే దాకా ఆగి, నన్ను పుత్తూరు బస్సు ఎక్కించాడు. బస్సులో నేను ఏడవలేదు. ఆయన ఏడ్చాడు, గెలిచామని.

పుత్తూరులో ఎముకలు కట్టే ఆయన చెయ్యి పట్టుకుని, "పేరేంది పాపా?" అన్నాడు. నేను నా పేరే చెప్పాను. మాస్టరు మోచేత్తో పొడిచాడు. అయినా మార్చలేదు. విరిగింది నా ఎముక. నేను పేరు చెబుతుండగానే ఆయన వేలు లాగేశాడు. ఆకు పసరు, గుడ్డుసొన, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఎనిమిది రోజులు విప్పొద్దన్నాడు. ఫైనల్ మూడో రోజు. వేళ్లు బయటికి రావాలని కట్టు ముందు భాగం నేనే విప్పేసి ఆడాను. ఆ చిటికెనవేలు ఈ రోజుకీ వంకరే. పుత్తూరాయన కట్టులో తప్పు లేదు. తర్వాత మళ్లీ పోతే, "ఇది నేను కట్టింది కాదు, ఎవరితోనూ నేను కట్టినానని చెప్పొద్దు" అన్నాడు.

ఫైనల్ అయ్యాక ఫోటో తీశారు. కట్టు చెయ్యి గుండె మీద పెట్టుకుని నేను మధ్యలో ఉంటాను. సర్టిఫికెట్టు ఆ పిల్ల పేరు మీద వచ్చింది. మాస్టరు నాతోనే దాన్ని ఆమె ఇంటికి పంపాడు.

దొడ్డివాకిలి దగ్గర గడప లోపల ఆమె, గడప బయట నేను. ఆ గడప మేమిద్దరం దాటింది లేదు, దాటుదామని అనుకుందీ లేదు. కాగితం ఇచ్చి వచ్చేద్దామంటే ఆమె వదల్లేదు.

"బంతి ఏ పక్కకొచ్చింది? నువ్వు ముందే దూకినావా, వచ్చినాకనా? ఆ పిల్ల ఏమన్నది?"

నేను చెప్పాను. ఆమె నేను చెప్పిందే మళ్లీ నాకు చెప్పింది, నేను తప్పు చెప్పానా అని చూసుకోవడానికి. ఆమె చెబుతుంటే ఆట ఇంకా బాగుంది. వచ్చేటప్పుడు ఆకులో పులిహోర పెట్టి ఇచ్చింది. ఆ తర్వాత ప్రతి ఆటా అట్లాగే రెండుసార్లు జరిగింది. ఒకసారి మైదానంలో, ఒకసారి దొడ్డివాకిట్లో. పదో తరగతి అయ్యాక ఆమెకు పెళ్లయింది. జాబితాలోంచి ఆమె పేరు పోయింది. ఆ పేరుతో పాటు నేనూ పోయాను.

ఆయాగా మాత్రం ఉన్నాను. మాస్టరుకు వయసు మీద పడి, ఎండలో నిలబడలేక, ఒకరోజు విజిలు నా మెడలో వేసి నీడకు పోయి కూర్చున్నాడు. ఆ మరుసటి ఏడు రిటైరయ్యాడు. అప్పటి నుంచి పిల్లలను నేనే ఆడిస్తున్నాను. బడిలో నేనూ రిటైరయ్యాక ఈ మైదానానికి మారాను. జీతం లేదు, ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఎండాకాలం గోల్‌కీపర్లకు బంతి ఇవ్వను, పచ్చి తోతాపురి మామిడికాయ విసురుతాను. మొరటుగా పట్టుకుంటే మరునాటికి కాయ మీద మచ్చ వస్తుంది. ఎవరి కాయకు మచ్చ వస్తే వాళ్లు దాన్ని నా ముందర ఉప్పు లేకుండా తినాలి. ఉప్పు కారం తెచ్చుకుంటామని బతిమాలుతారు. వినను.

జాబితాలు మాత్రం పిల్లలే రాసేవాళ్లు, నేను వేలిముద్ర వేసేదాన్ని. ఒకసారి చిత్తూరు ఆటకు పోయాక అక్కడివాళ్లు పేర్లు చదివితే, నేను చెప్పిన పిల్ల పేరు లేదు, కెప్టెన్ స్నేహితురాలి పేరు ఉంది. వేలిముద్ర నాదే. ఆ రోజు ఓడిపోయి వచ్చి, కెప్టెన్‌ను పిలిచి, "రేపటి నుంచి నాకు అక్షరాలు నేర్పు, అదే నీకు శిక్ష" అన్నాను. గీతలు వేసే సున్నంతో ఆ పిల్ల నేల మీద మంచమంత అక్షరాలు రాసేది. నేను వాటి మీద నడిచి, పక్కన మళ్లీ వేసేదాన్ని. ఆరు నెలలు పట్టింది. నేను కాగితం మీద కూడా అంతే పెద్దగా రాస్తానని పిల్లలు నవ్వేవాళ్లు.

చదవడం వచ్చాక ఇంటికి పోయి ట్రంకుపెట్టెలోంచి ఆ ఫోటో తీశాను. కింద వరుసగా పేర్లున్నాయి. వేలు పెట్టి కూడబలుక్కున్నాను. నా కింద ఆమె పేరు. ఆమె పేరుతో ఆడానని నాకు తెలియక కాదు. అయినా బొమ్మ కింద అట్లా ఉంటుందని ఎందుకో అనుకోలేదు. చదువు నేర్చుకుని మొదట తెలుసుకున్న సంగతి నేను అక్కడ లేనని. ఫోటో మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

ఇక ఈ మధ్య సంగతి. మైదానానికి కొత్తగా ఒక కమిటీ వచ్చింది. దాని కార్యదర్శి మంచివాడే, నడి వయసు, చేతిలో ఎప్పుడూ ఒక ఫైలు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, ఇంగ రూలు మారింది. ఆడించేవాళ్లు ఒకప్పుడు జిల్లాలో ఆడినట్టు కాగితం సూపించాల. లేకుంటే వేరే కోచ్ వస్తాడు. డిప్లమా ఉండాది ఆ పిల్లోడికి."

"ముప్పై ఏండ్లుగా ఆడిస్తాండాను కదబ్బా."

"ఆడించేది అందరూ సూస్తాండారు. ఆడినావా అనేదే కాగితం అడగతాండాది. గురువారం పొద్దున వస్తా."

కాగితాలున్నాయి. మూడున్నాయి. ఆమె ఇంట్లో, ఆమె పేరు మీద. పోయి అడగొచ్చు కదా అనుకుంటారు. అడగలేకపోవడానికి కారణం నా గోల్‌కీపరే.

రెండేళ్ల కిందట ఒక పిల్ల వచ్చి, "మా అమ్మమ్మ పంపింది. ఆమె కూడా గోల్‌కీపరే" అంది. ఇంటి సంగతి అడిగితే అర్థమైంది. ఆ పిల్ల అందరినీ కూర్చోబెట్టి చిత్తూరు పెనాల్టీ కథ చెప్పింది. కొట్టిన పిల్ల పొడుగుతో సహా ఒక్క ముక్క తప్పు లేదు. చివర్లో జనం అమ్మమ్మను భుజాల మీద ఎత్తుకున్నారని మాత్రం కొత్తగా కలిపింది. నన్నెవరూ ఎత్తుకోలేదు. అయినా "మంచిది, పోయి వరుసలో నిలబడు" అన్నాను. చెయ్యి మంచి చెయ్యి ఆ పిల్లది. అమ్మమ్మ కథ మీద నిలబడి ఆడుతోంది. ఆ కథ నేనెట్లా లాగేది?

నేను అడగలేదు. ఆ పిల్లే ఇంటికి పోయి చెప్పింది. మా కోచ్‌ను తీసేస్తున్నారు, నువ్వు ఆ కాలం ఆటగత్తెవు కదా, వచ్చి ఆమె కూడా ఆడిందని ఒక మాట చెప్పు అని.

గురువారం ఆరుంపావుకు ఆ అమ్మమ్మ ఆటో దిగింది. పట్టుచీర, చేతిలో వైరుబుట్ట. ఒకే ఊళ్లో ఇన్నేళ్లుండి మేము ఎదురుపడలేదు. ఎదురుపడకుండా ఉండటానికి ఇద్దరం బాగానే కష్టపడ్డాం. నన్ను చూసి, "లావైనావు" అంది. "నువ్వు కూడా" అన్నాను. అంతే మాటలు.

బుట్టలోంచి అద్దాలు కట్టించిన మూడు సర్టిఫికెట్లు తీసి బల్ల మీద పెట్టింది. కార్యదర్శి చదివి, లేచి తన కుర్చీ ఆమెకు వేశాడు.

"ఆ కాలంలోనే ఆడినారామ్మా? నమస్కారం. ఒక్క మాట చెప్తే సాలు. ఈ అవ్వ మీతో ఆడిందా?"

"లేదు."

"లేదా?"

"ఈమెతో నేను ఎప్పుడూ ఆడలేదు."

నేను బంతులు ఏరి సంచిలో వేయడం మొదలుపెట్టాను. ఎటూ ఎవరో ఒకరు ఏరాలి కదా. కార్యదర్శి ఫైలు మూశాడు. "ఇంగ నేనేం చేసేదవ్వా, నువ్వే చెప్పు" అన్నాడు.

అప్పుడు ఆమె కుర్చీలోంచి లేచింది. చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపుకుని, నడిచిపోయి గోల్‌లో నిలబడింది. మనవరాలిని పిలిచింది.

"బంతి కొట్టవే."

"అమ్మమ్మా, మోకాళ్లు..."

"కొట్టమంటాండాను కదా."

ఆ పిల్ల మెల్లగా కొట్టింది. చంటిబిడ్డ కూడా ఆపగలిగేట్టు కొట్టింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టుకుంది. బంతి ఎగిరి భుజానికి తగిలి లోపలికి పోయింది. అప్పుడే కార్యదర్శి గడియారం చూసుకున్నాడు, ఇంకో మైదానానికి పోవాలని. ఆరూ నలభై.

"అమ్మమ్మా, కళ్లు మూసుకున్నావు."

"బంతి వస్తాంది కదే!"

"గోల్‌కీపర్ మూసుకోదు అమ్మమ్మా."

"ఆ సంగతి నాకేం తెలుసు? నేను గోల్‌లో నిలబడడం ఇదే మొదలు." కార్యదర్శి వైపు తిరిగింది. "నాతో ఆడిందా అని అడిగినారు. నేను ఆడుంటే కదా నాతో ఆడేది? ఆడింది ఆమె. పేరు నాది. మా నాయన పంపలేదు."

ఆ పిల్ల పోయి బంతి తీసుకుంది. "చిత్తూరు పెనాల్టీ?"

"ఆమె ఆపింది."

"మరి నాకు చెప్పినవన్నీ?"

"దొడ్డివాకిట్లో విన్నాను. చెప్తా చెప్తా ఉంటే, నేనే ఆపినట్టు అయిపోయింది."

పిల్ల నా వైపు తిరిగింది. మొహంలో ఏముందో నాకు తెలియలేదు. "అవ్వా, నిన్ను భుజాల మీద ఎత్తుకున్నారా?"

"లేదు. పుత్తూరు బస్సు ఎక్కించినారు."

కార్యదర్శి తల గోక్కున్నాడు. "ఈమె ఆడలేదని తెలిసింది. నువ్వు ఆడినావని ఎట్ల తెలిసేది?" అడగడంలో న్యాయం ఉంది. నేను సంచిలోంచి ఫోటో తీశాను. ఎందుకైనా మంచిదని తెచ్చుకున్నాను. కట్టు చూపించాను, వంకర వేలు చూపించాను. ఆయన ఫోటోనూ వేలునూ మార్చి మార్చి చూస్తున్నాడు. అంతలో ఆ పిల్ల ఎవరినీ అడగకుండా బంతి పెనాల్టీ చోట పెట్టి, "గోల్‌లోకి పో అవ్వా" అంది. నా పిల్ల నాకు చెప్పిన మొదటి ఆర్డరు. పోయాను.

ఈసారి మెల్లగా కొట్టలేదు. కోపమంతా పెట్టి కొట్టింది, ఎడమ వైపు. నా మోకాళ్లు అక్కడే ఉన్నాయి, చేతులు బంతి మీదికి పోయాయి. బంతి చేతుల్లోకి వచ్చాక నడుము పట్టేసింది. ఇద్దరు పిల్లలు వచ్చి లేపారు. బంతి వదల్లేదు.

"సరే, రాయండి" అన్నాడు కార్యదర్శి.

ఆమె రాసింది. తాను ఎప్పుడూ ఆడలేదని, తన పేరు మీద ఆడింది నేనని, మూడు సర్టిఫికెట్లూ నావని. సంతకం పెట్టింది. కింద నేను నా పేరు రాశాను, పెద్ద అక్షరాలతో, కాగితం సగం పట్టింది. ఆమె ఆ అద్దాలు నా చేతికి ఇవ్వబోయింది. "నీ దగ్గరే ఉండనీ, మేకులు మీ ఇంటి గోడకుండాయి" అన్నాను. "మేకులు తెచ్చిస్తా" అంది. మనవరాలు ఇంకా ఆమెతో మాట్లాడటం లేదు. కానీ వైరుబుట్ట ఆ పిల్లే మోసింది, ఆటో దాకా.

కార్యదర్శి సోమవారం నుంచి మామూలుగానే ఆడించమన్నాడు. డిప్లమా పిల్లోడిని వేరే మైదానానికి పంపుతానన్నాడు. దానికి ముందు, రోజు, టైము, జరిగినప్పుడు ఎవరెవరు ఎక్కడున్నారో అంతా రాసి ఇవ్వమన్నాడు, రేపు ఎవరైనా అడిగితే కావాలని. నేనే రాస్తానన్నాను. ఆ కాగితంలో పేర్లున్నాయి, ఇక్కడ మాత్రం రాయడం లేదు. పేరు ఉన్నంత మాత్రాన మనిషి అక్కడ ఉన్నట్టు కాదని నాకు తెలుసు. బంతి నా చేతుల్లోకి వచ్చినప్పుడు ఉన్నవాళ్లు వీళ్లు.

బల్ల దగ్గర కార్యదర్శి, ఫైలుతో. ఆయన స్కూటరు మీద కూర్చుని నిద్రపోతున్న ఆయన తమ్ముడు, ఏమీ చూడలేదు, అయినా ఉన్నాడు. గోలు వెనక బంతి తెచ్చే వంతు వచ్చిన ఇద్దరు పిల్లలు, చిత్తూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అక్కచెల్లెళ్లు. గీత పక్కన మిగిలిన తొమ్మిదిమంది, అందులో ఒకతె ముందు రోజు కాయకు మచ్చ తెచ్చి ఇంకా తినడం ముగించలేదు. గేటు దగ్గర ఆటో డ్రైవరు, దిగి వచ్చి చూశాడు. మీటరు ఆపలేదు. ఒక కుక్క, రాయొద్దన్నాడు కార్యదర్శి, రాశాను. పెనాల్టీ చోట ఆ పిల్ల. కుర్చీలో, విడిచిన చెప్పులు మళ్లీ వేసుకుంటూ, ఆ పిల్ల అమ్మమ్మ.

చివర నేను. ఎక్కడున్నావో కూడా రాయాలవ్వా అన్నాడు. గోల్‌లో, అని రాశాను.